మేకల వంతు

"మేడమ్, మీరు మొట్టమొదట లీడర్ అయింది ఎప్పుడు?"

అడిగింది బెంగళూరు నుంచి వచ్చిన అమ్మాయి. చేతిలో మైకు, మెడలో తాడుకు వేలాడే కార్డు, మొహం నిండా నవ్వు. నాగలమడిక దగ్గర మా ఊరి బడిలో ఆరు నుంచి ఎనిమిది దాకా చదివే పిల్లలకు రెండు రోజుల నాయకత్వ శిబిరం పెట్టారు. తాలూకాలోని టీచర్లను కూడా పిలిచారు. అట్లా నేను చిన్నప్పుడు చదివిన బడికే చాలా ఏళ్ల తర్వాత వచ్చి, పిల్లల బెంచీ మీద మోకాళ్లు గడ్డానికి తగిలేటట్టు కూర్చున్నాను.

అప్పుడే ఒక ఆట ముగిసింది. పిల్లల కళ్లకు గంతలు కట్టి, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేయించి, ముందున్న పిల్లను మాత్రం కళ్లు తెరిచి నడిపించమన్నారు. ఆ పిల్ల హడావిడిలో గుమ్మం తప్పి గోడ పక్కకు తిరిగితే, వెనకున్న పన్నెండు మందీ నమ్మకంగా వెళ్లి గోడకు గుద్దుకున్నారు. అందరం కడుపు పట్టుకుని నవ్వాం.

పిల్లల్ని ప్రశ్నలడగడం నా ఉద్యోగం. నన్నెవరూ అడగరు. తడబడి, "ఏడో తరగతిలో ఈ బడికే నేను ప్రధానిని" అని చెప్పేసి కూర్చున్నాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలో కిటికీలోంచి బయటికి చూశాను. గోడ అవతల నుంచి గుట్ట దాకా సోలారు ప్లేట్లు, వరస మీద వరస, అన్నీ ఒకే దిక్కుకు మొహం తిప్పుకుని ఉన్నాయి. మొదటి వరస ఎక్కడ మొదలైందో సరిగ్గా అక్కడే మా జొన్న చేను ఉండేది. నేను చెప్పింది అబద్ధం కాదు కానీ, సగమే చెప్పాను. మిగతా సగం ఆ చేలో ఉంది.

సరిహద్దు మీద ఉన్న మా ఊళ్లో ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. సంగటి ముద్ద సరిగ్గా మింగకపోతే అమ్మ తెలుగులో తిట్టేది, ఎక్కాలు తప్పితే మేష్ట్రు కన్నడంలో తిట్టేవారు. రెండు భాషల తిట్లూ వచ్చు కాబట్టి మమ్మల్ని మేము బాగా చదువుకున్నవాళ్ల కింద లెక్కేసుకునేవాళ్లం. బడి అంటే రెండు గదులు, ఒక వసారా, గంట కొట్టడానికి వేలాడదీసిన రైలు పట్టా ముక్క. పొద్దున ఊరి చివరి మలుపు తిరగగానే ఉప్పిట్టు వాసన వచ్చేది. సర్కారు పంపిన గోధుమ నూకలో ఎండుమిరపకాయలు రెండు వేసి పెద్ద దబరలో వండేవాళ్లు. ఇప్పుడు ఎంత నెయ్యి పోసి చేసినా ఆ వాసన రాదు. కొంచెం మాడిన వాసన అది. అడుగంటిన ఆ పొరకు మేము కొట్లాడుకునేవాళ్లం.

మేష్ట్రు తుమకూరు పక్క నుంచి వచ్చిన మనిషి. బడి వెనక గదిలోనే ఉండేవారు. ఎప్పుడు చూసినా వేళ్ల మధ్య చిటికెడు నశ్యం. మా తెలుగు నేర్చుకోవాలని ఆయనకు మహా కోరిక. ఆయన తెలుగు మాట్లాడితే మేము పలకలు మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లం. ఆయనకు తెలుసు. అయినా మాట్లాడేవారు.

బడి తెరిచిన మొదటి వారంలో పిల్లల మంత్రిమండలం ఎన్నిక. ప్రధాని పదవికి ఇద్దరం నిలబడ్డాం, నేనూ ఇంకో పిల్లవాడూ. ఇద్దరికీ రెండు డబ్బాలు. ఒక్కొక్కరి చేతికి ఒక చెనక్కాయ ఇస్తే, తమకు కావలసిన డబ్బాలో వెయ్యాలి. ఆ కాయలు మా ఇంటివే. విత్తనానికని మా అవ్వ గాదెలో దాచిపెట్టినవి లంగా ఒడిలో పోసుకుని పరుగెత్తుకొచ్చాను. నాకు పదహారు ఓట్లు, వాడికి తొమ్మిది. మిగతా అయిదూ ఓటర్లు వలుచుకుని తినేశారు. వాళ్లలో ఒకడు, "విత్తనం కాయ బలే తీపుండాదప్పా, ఇంకో ఓటు ఈ" అని నా వెంటపడ్డాడు.

మేష్ట్రు నన్ను ప్రధానిని చేసి, మంత్రుల్ని ఏరుకోమన్నారు. ఎవరి పేరూ ఆలోచించకముందే నా నోట్లోంచి నా జతగత్తె పేరు వచ్చింది. నీళ్ల మంత్రి.

ఆమె మేకలవ్వ మనవరాలు. తల్లి పోతే అవ్వే పెంచింది. తండ్రి కూలికి ఎక్కడెక్కడికో పోయేవాడు. మాది నలభై ఎకరాల ఇల్లు, వాళ్లది చెరిగిన బోదగడ్డి పైకప్పున్న ఒక్క గది. అయినా బడిలో మేమిద్దరం ఒకే పలక, ఒకే బలపంతో రాసుకునేవాళ్లం. బోరింగు దగ్గర నీళ్లకు పిల్లలంతా తోసుకుంటుంటే ఆమె గట్టిగా అరిచేది కాదు. చేయి పట్టుకుని ఒక్కొక్కరినీ వరసలో నిలబెట్టి, అందరికీ తనే కొట్టి, చివరికి ఎవరైనా తనకు కొడతారేమోనని చూసేది. ఎవరూ మిగిలేవాళ్లు కాదు. ఒక చేత్తో కొడుతూ రెండో చేత్తో తాగేది. నేను ప్రధానిని కాబట్టి వరసలో మొదట నిలబడేదాన్ని.

దసరా అయిపోయాక ఒకరోజు మేష్ట్రు హాజరీ పుస్తకం తెచ్చి మా ముందు పెట్టారు.

"చూడమ్మా ప్రధాని. ముప్పై మంది పిల్లల్లు. పద్నాలుగు మంది మాత్రం వచ్చిరు. మిగతావాళ్లు ఎల్లి?"

"మేకల ఎనక పోయినారు మేష్ట్రూ."

"దినామూనా? నేను ఏమూ చెయ్యను. మంత్రిమండలం మీది. మీరే తీర్మానం చెయ్యండి" అని నశ్యం పీల్చుకుని గదిలోకి పోయారు. ఇట్లా బాధ్యత మా నెత్తిన పెట్టి తలుపేసుకోవడం ఆయన పద్ధతి. అప్పుడు కోపం వచ్చేది. ఇప్పుడు టీచరునయ్యాక, ఆ తలుపు వెనక ఆయన చెవి పెట్టుకుని నిలబడి ఉంటారని నా అనుమానం.

వసారాలో కూర్చుని మంత్రులం గంటసేపు ఒకరినొకరు చూసుకున్నాం. ఆఖరికి నా జతగత్తె మెల్లగా నా చెవిలో చెప్పింది. "ఒక్కో ఇంటి మేకలకు ఒకరిద్దరు ఎందుకే? పదిండ్ల మేకలూ ఒగ మంద చేద్దాం. దినానికొకరు తోల్తే చాలు. మిగతావోళ్లు బడికి రావచ్చు కదా?"

నేను లేచి నిలబడి ఆ మాటే గట్టిగా చెప్పాను. బలే, బలే అన్నారందరూ. ఎవరిది ఈ ఆలోచన అని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. వంతులు రాసిన కాగితం కింద పెద్ద అక్షరాలతో నా సంతకం పెట్టాను.

ఆ చలికాలం నా మనసులో ఇప్పటికీ అరమోడ్పు కన్నుల్లోంచి చూసినట్టే కనిపిస్తుంది. నా వంతు వచ్చినప్పుడల్లా పొద్దున్నే పదిళ్ల ముందూ నిలబడి కేకేసేదాన్ని. తడికెలు తెరుచుకునేవి. మేకలు బిలబిలమంటూ వచ్చి మందలో కలిసేవి. మంచు తడికి ఎర్రమట్టి కాలి వేళ్ల మధ్య అంటుకునేది. గుట్ట ఎక్కితే సీతాఫలాలు. కళ్లు విచ్చినవి తినేసి, విచ్చనివి రాళ్ల సందులో ఆకులు కప్పి దాచిపెట్టేదాన్ని. రెండో రోజు వంతు ఎవరిదైతే వాళ్లు వాటిని వెతికి తినేవాళ్లు. వాళ్లు దాచినవి నా వంతులో నేను తినేదాన్ని. మధ్యాహ్నం పినాకిని ఏటి ఇసకలోకి దిగి చేత్తో చెలమ తోడితే, మోచేతి లోతులో చల్లగా నీళ్లు ఊరేవి. మేకలు ఒక పక్క, నేను ఒక పక్క మూతులు పెట్టి తాగేవాళ్లం. పెరికిన చేలల్లో మిగిలిన చెనక్కాయలు ఏరి కంపలో కాల్చుకుంటే చేతులూ మూతీ నల్లగా అయ్యేవి. జొన్నరొట్టెలో ఊరుబిండి పచ్చడి మడిచి కట్టిన గుడ్డ సాయంత్రం దాకా వాసన వచ్చేది. ఆ వాసనకు మేకలు నా జడ నమిలేవి.

మొదటిసారి వంతుకు పోయే ముందు మేకలవ్వ పిల్లలందర్నీ కూర్చోబెట్టి చెప్పింది. ఆమె చూపు అప్పటికే సగం పోయింది. ఒక్కో మేకనూ చెవి తడిమి ఎవరింటిదో చెప్పేసేది.

"గుట్ట మీద పులి రాదు, తోడేలు రాదు. భయం యాడుండాదో తెల్సునా? జొన్న కోసినాక మోళ్లు ఉంటాయే, ఆట్లకు వానకు పిలకలు వస్తాయి. చూసేకి బలే పచ్చగా ఉంటాది. దాన్ని నాము అంటారు. మేక రెండు నోర్లు తినిందంటే చాలు, కాళ్లు తన్నుకొని పోతాది. ఆ దిక్కుకే పోవాకండి."

మేము సరే అన్నాం. జొన్న కోతలు ఇంకా కాలేదు, వానలూ లేవు. ఆ మాట గాలికి పోయింది.

జొన్న కోతలయ్యాక, ఎండలు ముదిరే ముందు ఒక కాలంకాని వాన పడింది. అది పడిన వారానికి ఇన్‌స్పెక్టర్ సాహేబ్రు వస్తున్నారని కబురు. మంత్రిమండలం సభ ఎట్లా జరుగుతుందో ఆయన ముందు చేసి చూపించాలి. మేష్ట్రు ప్రశ్నలు రాసిచ్చారు. నీళ్ల మంత్రి జవాబు అన్నిటికన్నా పెద్దది. కన్నడం ఆమె నోట్లో వినసొంపుగా పలికేది, మా అందరి నోట్లో రాళ్లు నమిలినట్టు ఉండేది.

ఆ రోజు పొద్దున్నే చూస్తే మేకల వంతు ఆమెదే.

వేరేవాళ్లను అడిగితే ఎవరూ ఒప్పుకోలేదు. ఇన్‌స్పెక్టర్ని చూడాలని అందరికీ ఉంది. నేను పోవచ్చు. పోతే ప్రధాని ఎవరు? ఆ ఆలోచన వచ్చినంత వేగంగా పోయింది. ఆమెను గోడ దగ్గరికి పిలిచాను.

"గుట్టకు పోవద్దు. బడెనక మా జొన్న చేలో ఇడిసి, గంట కొట్టినప్పుడు గోడ దుమికి వచ్చేయ్. నీ జవాబు అయిపోతానే మళ్లా పోదువు."

ఆమె మొహం మారింది. "ఆడ వద్దే. నాము ఉంటాది. అవ్వ చెప్పిన్యాది కదా."

"వాన పడినాది కదా. వానకు నాము కొట్టుకొని పోతాది."

"వానకే వస్తాదంట మే."

"మా చేను అది. మా చేని సంగతి నాకు తెలీదా? నేను చెప్తా ఉండా. ప్రధాని నేనా, నువ్వా?"

ఇదొక్క మాట నాకు ఇప్పటికీ నా గొంతులోనే వినిపిస్తుంది. ఆమె కట్టె భుజాన వేసుకుని మేకల్ని చేను పక్కకు తిప్పింది.

సభ బ్రహ్మాండంగా జరిగింది. నా జతగత్తె కాళ్లకు మన్నుతోనే వచ్చి నిలబడి, బోరింగు గురించి, వరస గురించి, నీళ్లు వృథా కాకుండా చెట్లకు పారించడం గురించి ఒక్క తప్పు లేకుండా చెప్పింది. ఇన్‌స్పెక్టర్ సాహేబ్రు నా భుజం తట్టి, లీడర్ అంటే ఇట్లా ఉండాలి అన్నారు. ఆమె అప్పటికే కిటికీ దగ్గరికి పోయి బయటికి చూస్తోంది. ఉన్నట్టుండి కిటికీ ఎక్కి అవతలికి దూకేసింది.

మేము పరుగెత్తేసరికి ఏడెనిమిది మేకలు పడిపోయి ఉన్నాయి. నోట్లో నురుగు, కాళ్లు బిగుసుకుని. ఆమె ఒక్కొక్కదాన్నీ పిలకల మీద నుంచి పక్కకు లాగుతోంది, ఏడుస్తూ కాదు, నోరు గట్టిగా మూసుకుని. ఎవరో బెల్లం నీళ్లు తెచ్చారు, ఎవరో మజ్జిగ తెచ్చారు. మేకలవ్వను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. ఆమె వాటి నోళ్లు తెరిచి పోస్తూ పోయింది. నాలుగు లేచాయి. నాలుగు లేవలేదు. వాటిలో ఒకటి చూలుది. మేకలవ్వ దాని పొట్ట మీద చెయ్యి పెట్టి చాలాసేపు తియ్యలేదు.

సాయంత్రం ఊరంతా బడి ముందర కూడింది. మా నాయన కూడా వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. నేను వసారా మెట్టు మీద, పిల్లల మధ్య ఉన్నాను.

"మేకలవ్వ మనవరాలికి నాము తెలీదా? ఎవురికి చెప్తాండారు!" అంది మేకలు పోయిన ఒక ఇల్లాలు.

మేకలవ్వ లేచి, "నేను చెప్పలేదా నీకు? నా పరువు తీస్తివి కదే" అని మనవరాలి వీపు మీద కట్టెతో ఒక దెబ్బ వేసింది. చూపు లేని దెబ్బ, సగం గాలికి తగిలింది.

మేష్ట్రు మాత్రం ఆమెను దగ్గరికి పిలిచి మెల్లగా అడిగారు. "ఎవరైనా చెప్పిరా తల్లీ, అక్కడ తోలమని?"

నా కాలి బొటనవేలి గోరులో ఎర్రమన్ను ఉంది. దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఆమె వెంటనే జవాబు చెప్పలేదు. మేష్ట్రు మళ్లీ అడిగారు. అప్పుడు కూడా చెప్పలేదు. మూడోసారి ఎవరో గద్దిస్తే వినిపించింది.

"నేనే తోలినా."

తీర్పు తొందరగానే అయింది. వంతులు రద్దు. పోయిన మేకలకు బదులు, మళ్లీ చెప్పేదాకా ఊరి మంద అంతా ఈ పిల్లే తోలాలి. దినామూ. మా నాయన తల ఊపాడు. మేష్ట్రు, "బడి?" అన్నారు. అప్పటికే జనం లేచి ఇళ్ల దారి పట్టారు.

ఆ మర్నాటి నుంచి బడిలో పిల్లలందరూ ఉన్నారు. మేకలు తోలాల్సిన పని ఎవరికీ లేదు కదా. ఒక్క ఆమె పేరు ముందు తప్ప హాజరీ పుస్తకంలో గీతలన్నీ నిండిపోయాయి. మూడు వారాలకు ఇన్‌స్పెక్టర్ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది, హాజరీలో మా బడి అందరికీ ఆదర్శమని. ప్రార్థనలో దాన్ని ప్రధాని చదవాలి. చదివాను. చదువుతుండగానే రోడ్డు మీద మంద పోయింది. ఒక వరస వదిలేసి కింది వరస చదివాను. భయమనుకున్నారు.

అప్పటికే నేను మా నాయనకు చెప్పేశాను. ఆ ఉత్తరానికి వారం ముందు, అన్నం తింటూ, ఏడుస్తూ. ఆయన ముద్ద కలుపుతూనే విన్నాడు.

"ఇంకెవురికన్నా చెప్పినావా?"

"లేదు నాయనా."

"చెప్పొద్దు. మేకలే వచ్చి మన చేలో పడినాయంటే అది ఆట్ల రాత. మనమే తోలమంటిమి అంటే మాట మన మీదికొస్తాది. తిను."

తిన్నాను. ఆ రోజు కొర్రన్నం, పప్పు. రుచి కూడా గుర్తుంది, అదే నాకు సిగ్గు.

ఉత్తరం చదివిన రోజు బడి వదిలాక మేష్ట్రు గది తలుపు కొట్టి చెప్పాను. ఆయన నన్ను తిట్టలేదు. నశ్యం డబ్బా మూత పెట్టేసి, నన్ను వెంటబెట్టుకుని మేకలవ్వ ఇంటికి వచ్చారు. మంద ఇంకా ఇల్లు చేరలేదు. అవ్వ అంతా విని నా మొహం ఎటుందో తడుముకుని నా బుగ్గ మీద చెయ్యి పెట్టింది.

"ఇంత సిన్న మాట చెప్పేకి ఇన్ని దినాలు పట్టినాదా పాపా?"

మేష్ట్రు ఆ వారమంతా పదిళ్లకూ తిరిగారు. నా తప్పు విని అందరూ నవ్వేశారు. పెద్దింటి పాప, దానికేం తెలుసు అన్నారు. అదే తప్పు మూడు వారాల కిందట నా జతగత్తెది అయినప్పుడు ఎవరూ నవ్వలేదు. వంతులు మళ్లీ పెడదామంటే మాత్రం ఒక్కరూ ఒప్పుకోలేదు. పిల్లలు నిశ్చింతగా బడికి పోతున్నారు, మేకలు వేళకు ఇల్లు చేరుతున్నాయి, ఇప్పుడెందుకు కదపడం? ఆమె ఏడో తరగతి పరీక్ష రాయలేదు. నేను రాసి, బస్సెక్కి హొసకోట హైస్కూలుకు పోయాను. రెండేళ్లకు ఆమెను సరిహద్దు అవతలి ఊరికి ఇచ్చి చేశారు. మధ్యలో ఎదురుపడిన ఒకటి రెండుసార్లూ నేనే పక్క సందులోకి తిరిగిపోయాను. ఆ రోజు ఆమె పెద్దింటివాళ్లంటే భయపడి నా పేరు చెప్పలేదనీ, ఆ భయానికి నేను బతికిపోయాననీ ఇన్నేళ్లూ అనుకుంటూ వచ్చాను.

శిబిరంలో మధ్యాహ్నం భోజనానికి వదిలారు. నేను తినకుండా బడి వెనక్కి పోయాను. కంచె అవతల ప్లేట్ల కింద ఆడవాళ్లు గడ్డి కోస్తున్నారు. చీరల మీద నారింజ రంగు కోట్లు.

"ఒమే, ఆ మూల ఇడిసిపెట్టి ముందుకు పోతాండారు! నీడ చూసుకొని కూకునేకి కాదు వచ్చింది!"

మొహం కన్నా ముందు నా జతగత్తె గొంతు గుర్తుపట్టాను. భర్త పోయాక ఊరికి వచ్చేసిందనీ, గడ్డి కోసే గుంపుకు ఆమే మేస్త్రీ అనీ ఎవరో చెప్పగా విన్నాను. ఈసారి తిరిగిపోవడానికి సందు లేదు. ఆమే కొడవలి పట్టుకుని కంచె దగ్గరికి వచ్చింది. జుట్టు నెరిసింది. పళ్లు మాత్రం అప్పటివే.

"బాగుండావా టీచరమ్మా? మైకులో నీ మాట ఈడికి ఇనపడినాది. ప్రధానిని అని చెప్తాండావు" అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. పొద్దుటి నుంచీ నాలుక చివర ఉన్నదాన్ని అడిగేశాను. "ఆ పొద్దు నా పేరెందుకు చెప్పలేదే? మా నాయనంటే భయపడితివా?"

"మీ నాయనంటేనా?" అని పెద్దగా నవ్వింది. "మా అవ్వ కట్టె కన్నా నాకు భయం ఏముండె?" తర్వాత నవ్వు ఆపి, కొడవలి కొసకు అంటిన గడ్డి తీసేసుకుంటూ, నిన్న జరిగిన సంగతి చెప్పినంత మామూలుగా అంది.

"నువ్వే లేచి చెప్తావనుకుంటి మే. ఇప్పుడు లేస్తాది, ఇంగ లేస్తాది అని. మేష్ట్రు అడిగేకొద్దీ నిన్నే చూస్తా ఉంటి. నువ్వు తల ఎత్తనే లేదు. అందరూ ఇండ్లకు పోయినాక కూడా నువ్వు ఆ మెట్టు మీదనే ఉంటివి కదా, నేను గోడ దగ్గర నిలబడి పొద్దు మునిగేదాకా చూస్తిని."